పండుగ తేదీ ముందే తెలుసు.. ప్రెస్సుకు కబురే ఆలస్యం

ఈ ఏడాది పంచాంగంలో అధిక జ్యేష్ఠ మాసం ఉంది. మే 17 నుంచి జూన్ 15 వరకు పెళ్లిళ్లు ఉండవు. ఆ నెల కలిసినందువల్ల తర్వాత వచ్చే పండుగలన్నీ నిరుటి కంటే ఆలస్యంగా వస్తున్నాయి. 2025లో వినాయక చవితి ఆగస్టు 27న వస్తే ఈసారి సెప్టెంబరు 14న వస్తోంది. దసరా అక్టోబరు 2 నుంచి 20కి, దీపావళి అక్టోబరు 20 నుంచి నవంబరు 8కి జరిగాయి. చాలామందికి ఇది సెలవుల లెక్క మాత్రమే. ఊళ్లో ప్రింటింగ్ ప్రెస్సు నడిపేవాళ్లకు మాత్రం సంవత్సరం మొత్తం లెక్క మారిపోతుంది. దీపావళి ఆఫర్ల కరపత్రాలు, స్వీటు డబ్బాల లేబుళ్లు అచ్చయ్యే రోజుల్లోనే కొత్త సంవత్సరం క్యాలెండర్లు, డైరీలు కూడా అదే యంత్రం ముందు వరుస కడతాయి. నిరుడు ఈ రెండింటి మధ్య దొరికిన ఊపిరి ఈసారి దొరకదు.

ఇందులో రహస్యమేమీ లేదు. అధిక మాసం ఎప్పుడు వస్తుందో పంచాంగకర్తలకు ఏళ్ల ముందే తెలుసు. అయినా ఏటా సీజన్ రాగానే ప్రెస్సుల దగ్గర అదే హడావిడి, అవే రాత్రి షిఫ్టులు, అవే అచ్చుతప్పులు, అవే మొండిబకాయిలు. ముద్రణ రంగానికి సీజన్ కొత్త కాదు. సీజన్ గురించి తీసుకోవలసిన నిర్ణయాలను దుకాణదారు, ఉత్సవ కమిటీ, రాజకీయ పార్టీ, ప్రభుత్వం తలా కొంత వాయిదా వేస్తుంటే ఆ ఆలస్యం ఖరీదు మాత్రం వరుసలో చివరన ఉన్న చిన్న ప్రెస్సు చెల్లిస్తోంది. అసలు సమస్య ఇదే.

పంచాంగమే పనుల పట్టిక

తెలుగు రాష్ట్రాల్లో చిన్న ప్రెస్సు ఆదాయం నెలవారీ జీతంలా సమానంగా రాదు. ఉగాదికి పంచాంగాలు, శ్రీరామనవమికి కల్యాణ ఆహ్వానపత్రికలు, జూన్‌లో బడుల ప్రవేశాల కరపత్రాలు, శ్రావణంలో పెళ్లి శుభలేఖలతో పాటు నగల, చీరల దుకాణాల ప్రకటనలు, వినాయక చవితికి చందా రసీదు పుస్తకాలు, దసరాకు నవరాత్రుల కార్యక్రమ పత్రాలు, ఆ తర్వాత క్యాలెండర్లు, డైరీలు. మధ్యలో జాతరలు, బ్రహ్మోత్సవాలు, కుల సంఘాల సమావేశాలు, కళాశాలల వార్షికోత్సవాలు.

ఈ పట్టికలో పని ఉన్న నెలలతో పాటు పని లేని నెలలనూ ముందే చదవాలి. ఆషాఢంలో, మూఢాల్లో, అధిక మాసంలో శుభలేఖలు అచ్చవవు. 2024లో ఏప్రిల్ చివర మొదలైన మూఢాలకు ఆషాఢం తోడై దాదాపు మూడు నెలలు ముహూర్తాలు లేకుండా పోయాయి. వేసవి పెళ్లిళ్లనే నమ్ముకుని కార్డుల సరుకు నింపుకున్నవారి పెట్టుబడి అలాగే ఇరుక్కుపోయింది. నిరుడు నవంబరు చివర మొదలైన శుక్ర మూఢం ఈ ఫిబ్రవరి మధ్య వరకు సాగింది. ఈ వేసవిలోనూ పెళ్లిళ్ల కాలం రెండు ముక్కలు కానుంది: మే 17కు ముందు కొన్నాళ్లు, జూన్ మధ్య నుంచి ఆషాఢం వచ్చే దాకా నెల రోజులు. శ్రావణం ఆగస్టు 13న మొదలవుతోంది. ఈ ముక్కలు ముందే గుర్తుపెట్టుకున్న ప్రెస్సు ఖాళీ నెలలో యంత్రానికి మరమ్మతు చేయించుకుంటుంది, బడుల పనులు వెతుక్కుంటుంది, సిబ్బందికి సెలవులిస్తుంది. గుర్తుపెట్టుకోనిది ఖాళీ నెలలో వడ్డీ కట్టి, రద్దీ నెలలో పని వదులుకుంటుంది.

శివకాశి నేర్పే పాఠం

ఈ దేశంలో సీజన్ ముద్రణను పద్ధతిగా నడిపే ఊరు తమిళనాడులోని శివకాశి. బాణసంచా, అగ్గిపెట్టెలతో పాటు ముద్రణ ఆ ఊరి మూడో పరిశ్రమ. అగ్గిపెట్టెలకు, టపాకాయల డబ్బాలకు లేబుళ్లు కావలసి రావడంతో అక్కడ ముద్రణ పెరిగింది. తెలుగు ఊళ్లలో కిరాణా కొట్ల, మందుల షాపుల గోడలకు వేలాడే దేవుళ్ల బొమ్మల క్యాలెండర్లలో చాలావరకు అక్కడ తయారైనవే. బొమ్మ, తేదీల పేజీలు అక్కడ అచ్చవుతాయి. దుకాణం పేరు, ఫోన్ నంబరు ఉన్న అడుగు పట్టీని అక్కడే వేయించుకోవచ్చు, లేదా స్థానిక ప్రెస్సులో వేయించుకోవచ్చు.

అక్కడి వ్యాపారానికి ఒక ఆనవాయితీ ఉంది. వచ్చే ఏడాది క్యాలెండర్ల నమూనాల ఆల్బమ్‌లను తమిళుల ఆడి మాసం 18వ రోజున, అంటే ఆగస్టు మొదటి వారంలో, విడుదల చేస్తారు. జనవరి ఒకటికి దాదాపు ఐదు నెలల ముందన్నమాట. ఏజెంట్లు ఆ ఆల్బమ్‌లు పట్టుకుని ఊరూరూ తిరుగుతారు. తొలి రెండు నెలల్లో వచ్చిన ఆర్డర్లను బట్టి ఏ బొమ్మ ఎన్ని వేలు వేయాలో, కాగితం ఎంత కొనాలో తేలుతుంది. తిరుమల తిరుపతి దేవస్థానాలూ అంతే. వచ్చే ఏడాది క్యాలెండర్లను, డైరీలను ఏటా బ్రహ్మోత్సవాల సమయంలోనే ఆవిష్కరిస్తాయి. భక్తుడు కొండ మీదికి వచ్చే రోజున సరుకు సిద్ధంగా ఉండాలన్నది అక్కడి లెక్క.

మన పట్టణాల్లో చాలా దుకాణాలు క్యాలెండర్ మాట ఎత్తేది దీపావళి అమ్మకాలు అయ్యాకే. అప్పటికి మంచి నమూనాలు అయిపోతాయి, ధర బేరం ఆడే వీలుండదు, ప్రూఫు సరిగా చూసే తీరిక ఎవరికీ ఉండదు. సంక్రాంతి దాటాక వచ్చిన క్యాలెండర్‌ను ఖాతాదారు తీసుకుంటాడు కానీ గోడకు తగిలించడు. అక్కడ అప్పటికే పోటీ దుకాణం క్యాలెండర్ వేలాడుతూ ఉంటుంది.

ధర విషయంలోనూ ముందుచూపుకు విలువ ఉంది. నాలుగు రంగుల ఆఫ్‌సెట్ పనికి నాలుగు ప్లేట్లు కావాలి. 500 కాపీలైనా, 5,000 కాపీలైనా అవే నాలుగు ప్లేట్లు, రంగులు కుదిరే దాకా యంత్రం తినేసే కాగితమూ ఇంచుమించు అంతే. కాపీలు పెరిగేకొద్దీ ఒక్కో కాపీ మీద ఆ ఖర్చు తగ్గుతుంది. ఒకే వీధిలోని పది దుకాణాలు ఒకే బొమ్మ ఎంచుకుని అడుగు పట్టీ మాత్రం ఎవరిది వారు వేయించుకుంటే అందరికీ కలిసొస్తుంది. దీనికి కావలసింది సెప్టెంబరులో ఒక సమావేశం. డిసెంబరులో ఎవరికి వారు పరుగెత్తితే ఆ లాభం రాదు. 200 కాపీల లోపు పనికి ఆఫ్‌సెట్ కంటే డిజిటల్ ముద్రణ నయమని చెప్పే ప్రెస్సును నమ్మవచ్చు.

తేదీయే తేలకపోతే

ఆలస్యమంతా దుకాణదారుదే అనడం న్యాయం కాదు. క్యాలెండర్‌కు ప్రాణం తేదీ. ఆ తేదీలే తేలని సందర్భాలు మన దగ్గర పెరిగాయి. 2023లో వినాయక చవితి సెప్టెంబరు 18నా, 19నా అన్న చర్చ తెలుగు రాష్ట్రాల్లో పండుగ దగ్గరపడే దాకా సాగింది. 2024లో దీపావళి అక్టోబరు 31నా, నవంబరు 1నా అని దేశమంతా తర్జనభర్జన పడింది. పంచాంగ గణనలో దృక్ సిద్ధాంతం, పూర్వ పద్ధతి వేరువేరు ఫలితాలివ్వడం పాత సంగతే. కానీ నాలుగు గోడల మధ్య పండితుల వాదం వేరు, లక్ష కాపీలు అచ్చయిన కాగితం వేరు. ఒక్క తేదీ తప్పితే ఆ నెల పేజీ మొత్తం అనుమానంలో పడుతుంది. ‘మీ క్యాలెండర్ తప్పు’ అన్న మాట పడేది మాత్రం ప్రెస్సు యజమాని.

ప్రభుత్వ సెలవుల జాబితాదీ ఇదే కథ. ఆల్బమ్‌లు ఆగస్టులో వస్తాయి, క్యాలెండర్లు అక్టోబరు, నవంబరుల్లో అచ్చవుతాయి. రాష్ట్ర ప్రభుత్వాలు వచ్చే ఏడాది సెలవుల ఉత్తర్వును విడుదల చేసేది సాధారణంగా సంవత్సరాంతంలో. అప్పటికి క్యాలెండర్ మీద ఎర్ర అంకెలు ఆరిపోయి ఉంటాయి. రంజాన్, బక్రీద్ నెలవంకను బట్టి ఉంటాయి కాబట్టి వాటిలో ఒక రోజు తేడా తప్పదు, అది అందరికీ తెలిసిందే. మిగతా సెలవుల్లో చాలావాటికి అలాంటి అడ్డంకి లేదు. జూలైలోనే పండితులను కూర్చోబెట్టి తేదీలు ఖరారు చేయించి ఆగస్టు మొదటికి జాబితా ప్రకటిస్తే ఖజానాకు రూపాయి ఖర్చు ఉండదు. లాభం మాత్రం ప్రెస్సులకే కాదు, బడులకు, బస్సులకు, పెళ్లివారికీ ఉంటుంది.

సీజన్ మధ్యలో వచ్చే ఉత్తర్వులు

తేదీల కంటే పెద్ద దెబ్బ కొట్టేవి సీజన్ నడుస్తుండగా మారే నియమాలు. కేంద్ర ఆర్థిక శాఖ 2020 సెప్టెంబరు 2న ఒక ఉత్తర్వు ఇచ్చింది. మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు, ప్రభుత్వ బ్యాంకులు ఇక గోడ క్యాలెండర్లు, బల్ల క్యాలెండర్లు, డైరీలు వంటివి అచ్చు వేయించకూడదని, అన్నీ డిజిటల్‌కు మారాలని దాని సారాంశం. పొదుపు, పర్యావరణం అన్నవి కాదనలేని కారణాలే. కానీ అప్పటికి శివకాశిలో ఆల్బమ్‌లు వచ్చి నెల అయింది. లాక్‌డౌన్‌తో ఆ ఏడాది పెళ్లిళ్లు, బడులు, ఉత్సవాల పనులన్నీ పోయి, బ్యాంకుల క్యాలెండర్లే ఆధారంగా ఉన్న సమయమది. అదే ఉత్తర్వు ఏప్రిల్‌లో వచ్చి ఉంటే కాగితం కొనేవారు కాదు, వేరే పని చూసుకునేవారు.

ప్లాస్టిక్ విషయంలో కేంద్రం ఇందుకు భిన్నంగా నడుచుకుంది. 100 మైక్రాన్ల కంటే పల్చని పీవీసీ బ్యానర్లతో సహా కొన్ని ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులను నిషేధిస్తూ 2021 ఆగస్టులో నోటిఫికేషన్ ఇచ్చి, 2022 జూలై 1 నుంచి అమలు అంది. పది నెలలకు పైగా గడువు దొరికింది. ఆంధ్రప్రదేశ్‌లో ఫ్లెక్సీల నిషేధాన్ని 2022 ఆగస్టు చివర ప్రకటించి, మొదట నవంబరు 1 నుంచి అన్నారు. తర్వాత 2023 జనవరి 26కు జరిపారు. వినాయక చవితి, దసరా, సంక్రాంతి మూడూ ఆ అయిదు నెలల్లోనే ఉన్నాయి. ఫ్లెక్సీ యంత్రం అప్పు చేసి కొన్న యువకుడు అప్పుడు దాన్ని అమ్మాలో, బట్ట మీద అచ్చు వేసే యంత్రం కొనాలో తేల్చుకోలేక నలిగిపోయాడు. ఇప్పుడు ఏ కూడలి చూసినా ఫ్లెక్సీలు కనిపిస్తూనే ఉన్నాయి. నిషేధం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. గడువు ఇవ్వకుండా పెట్టి, పెట్టాక పట్టించుకోకపోతే నిజాయతీగా బట్ట బ్యానర్లకు మారినవాడే నష్టపోతాడు.

పన్నుల తీరూ అలాగే ఉంది. కార్డులు, కేటలాగులు, ఇతర ముద్రిత సామగ్రిపై జీఎస్టీ 2021 అక్టోబరు 1 నుంచి 12 నుంచి 18 శాతానికి పెరిగింది. 2025 సెప్టెంబరు 22న అమలైన జీఎస్టీ సవరణల్లో నోటు పుస్తకాలపై పన్ను తీసేశారు, అది బడిపిల్లలకు మేలు. అదే సవరణల్లో నోటు పుస్తకాలకు కాకుండా ఇతర ముద్రణకు వాడే కాగితంపై పన్ను 12 నుంచి 18 శాతానికి చేరింది. రెండు మార్పులూ సరిగ్గా క్యాలెండర్ల ఆర్డర్లు తీసుకునే వేళకే వచ్చాయి. ఆగస్టులో చెప్పిన ధరకు నవంబరులో సరుకు ఇవ్వాల్సిన ప్రెస్సుకు ఆ ఆరు శాతం ఎవరిచ్చినట్టు? ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోగల పెద్ద ప్రెస్సు సర్దుకుంటుంది. కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న ప్రెస్సుకు ఆ అవకాశం లేదు.

వారం రోజుల ఎన్నిక

పంచాంగంలో లేని సీజన్ ఎన్నికలు. 2025 డిసెంబరులో తెలంగాణలో గ్రామ పంచాయతీ ఎన్నికలు మూడు విడతలుగా 11, 14, 17 తేదీల్లో జరిగాయి. మూఢం వల్ల శుభలేఖలు లేని కాలంలో ఆ పని ప్రెస్సులకు అక్కరకు వచ్చింది. అయితే అది క్యాలెండర్ల నెల కూడా. సర్పంచి ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. నామినేషన్ల ఉపసంహరణ ముగిశాకే అభ్యర్థికి గుర్తు దక్కుతుంది. గుర్తు లేకుండా కరపత్రం వేయలేరు. గుర్తు వచ్చాక పోలింగ్‌కు మిగిలేది వారం రోజులు. ఆ వారంలో ఊళ్లో ఉన్న అభ్యర్థులందరూ ఒకే ప్రెస్సు తలుపు తడతారు. క్యాలెండర్ ఆర్డరిచ్చిన దుకాణదారు పని సహజంగానే పక్కకు పోతుంది. ఆగస్టులో ఆర్డర్ ఇచ్చి ఉంటే అది అప్పటికే కట్టలు కట్టి సిద్ధంగా ఉండేది.

ఎన్నికల పనికి చట్టపరమైన బరువు కూడా ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 127ఎ సెక్షన్ ప్రకారం కరపత్రం, పోస్టరు మీద ముద్రాపకుడి, ప్రచురణకర్త పేర్లు, చిరునామాలు ఉండాలి. అచ్చుకు ముందు ప్రచురణకర్త సంతకం చేసి, ఆయనను స్వయంగా ఎరిగిన ఇద్దరు ధ్రువీకరించిన డిక్లరేషన్ రెండు ప్రతుల్లో తీసుకోవాలి. అచ్చయ్యాక ఒక ప్రతిని అధికారులకు పంపాలి. తప్పితే ఆరు నెలల వరకు జైలు, లేదా రూ. 2,000 వరకు జరిమానా, లేదా రెండూ. స్థానిక ఎన్నికల్లో రాష్ట్ర ఎన్నికల సంఘాలూ ఇలాంటి షరతులే పెడతాయి. అర్ధరాత్రి వచ్చి ‘తెల్లారేసరికి కావాలి’ అనే అభ్యర్థి అనుచరుడు ఆ కాగితం తేడు. తేకపోతే ఇరుక్కునేది ప్రెస్సే. కాబట్టి డిక్లరేషన్ ఫారాలు నోటిఫికేషన్ రాకముందే అచ్చు వేసి బల్ల మీద పెట్టుకోవడం మంచిది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరిలో ఎన్నికైన పంచాయతీల అయిదేళ్ల కాలం ఈ ఏడాదితో ముగుస్తోంది కాబట్టి అక్కడి ప్రెస్సులకు ఇది ఇప్పుడే అవసరమైన పని.

ఎన్నికల ముద్రణ శాశ్వతమని కూడా అనుకోనక్కరలేదు. బంగ్లాదేశ్ ఎన్నికల సంఘం 2025లో తెచ్చిన ప్రవర్తనా నియమావళిలో ప్రచారానికి పోస్టర్లనే నిషేధించింది. ఉపఖండంలో పోస్టరు లేని ఎన్నికను పదేళ్ల కిందట ఎవరూ ఊహించలేదు. ఐదేళ్లకోసారి వచ్చే ఆ రద్దీని నమ్ముకుని పెద్ద యంత్రం కొనే ముందు మనవాళ్లూ ఆలోచించాలి.

నష్టం ఎవరి ఖాతాలో

సీజన్ అయిపోయాక తేలే లెక్క ఇది. కాగితం డీలరు నగదు అడుగుతాడు. ప్లేట్లు, లామినేషన్, బైండింగ్ చేసినవారికి వారంలో ఇవ్వాలి. క్యాలెండర్ వేయించుకున్న దుకాణం ‘సంక్రాంతి తర్వాత చూద్దాం’ అంటుంది. ఉత్సవ కమిటీ నిమజ్జనం అయ్యాక కనిపించదు, వచ్చే ఏడాది వేరే కమిటీ వస్తుంది. ఓడిన అభ్యర్థి దగ్గర వసూలు సంగతి చెప్పనక్కరలేదు. రద్దీ వారాల్లో రాత్రంతా నిలబడి పనిచేసే మెషీన్‌మన్‌కు, మడతలు పెట్టే ఆడవాళ్లకు ఓవర్‌టైమ్ ఈ బకాయిల వెనుకే ఇరుక్కుంటుంది. బైండింగ్ పని ఎక్కువగా ముక్కల లెక్కన ఇచ్చేది కాబట్టి, ఖాళీ నెలల్లో వాళ్లకు ఏమీ ఉండదు.

చట్టం ఇందులో కొంత సాయం చేస్తుంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లోగా, లేకపోతే 15 రోజుల్లోగా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. ఆ గడువు దాటించిన కొనుగోలుదారు ఆ ఖర్చును, నిజంగా చెల్లించే దాకా, ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోలేడన్న నిబంధన 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమలులోకి వచ్చింది. ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకుని, ఆ నంబరును బిల్లు మీద అచ్చు వేసుకుంటే దుకాణదారు ఆడిటరే మార్చి నెలాఖరులో ఫోన్ చేసి ‘ఆ ప్రెస్సు బకాయి కట్టేయండి’ అంటాడు. ఉత్సవ కమిటీలకు, అభ్యర్థులకు ఇది వర్తించదు. వారి దగ్గర సగం అడ్వాన్సు, సరుకు ఇచ్చేటప్పుడు మిగతా సగం అన్న పాత పద్ధతే దారి.

ఇప్పుడే చేయదగినవి

ఈ ఏడాది పండుగలకు ఇంకా సమయం ఉంది. దుకాణదారు ఇప్పుడే ఒక కాగితం మీద తన ఏడాది రాసుకోవచ్చు: శ్రావణం అమ్మకాలకు ఏం కావాలి, దీపావళికి ఏం కావాలి, క్యాలెండర్ ఎన్ని. పండుగ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. పంచడానికి వారం, అచ్చు, బైండింగులకు పది రోజులు, ప్రూఫు చూడటానికి మూడు రోజులు, మాటర్ తయారీకి వారం. అంటే నెల. దసరా, దీపావళి, క్యాలెండర్లు కలిసొచ్చే ఈ సంవత్సరం దానికి మరో పక్షం రోజులు కలుపుకోవాలి. ఆ లెక్కన నవంబరు 8 దీపావళి కరపత్రం మాటర్ సెప్టెంబరు చివరికే ప్రెస్సు చేతిలో ఉండాలి. ఫోన్ నంబరు, తేదీ, దాత పేరు ఈ మూడింటినీ ప్రూఫులో ఇద్దరు వేరువేరుగా చూసి సంతకం పెడితే తర్వాత తగాదా ఉండదు.

ఉత్సవ కమిటీలు ఏటా మారే తేదీని, మారని వివరాలను విడదీస్తే సగం పని తగ్గుతుంది. గుడి పేరు, కమిటీ పేరుతో బట్ట బ్యానర్ ఒకసారి చేయించి, తేదీ పట్టీ మాత్రం ఏటా మార్చుకోవచ్చు. రసీదు పుస్తకాలకు వరుస నంబర్లు వేయించుకుంటే చందాల లెక్క మీద ఊరికి నమ్మకం కుదురుతుంది. ప్రెస్సు యజమానులు ఆగస్టులో ఇచ్చే కొటేషన్ మీద ‘కాగితం ధర, పన్ను మారితే తేడా కొనుగోలుదారుదే’ అన్న ఒక వాక్యం రాయాలి. ముందుగా ఆర్డరిచ్చినవారికి తగ్గింపు, చివరి పది రోజుల్లో వచ్చినవారికి అదనపు రేటు అని గోడ మీద పెట్టాలి. ఆలస్యానికి ధర ఉందని తెలిస్తేనే ఆలస్యం తగ్గుతుంది.

ప్రభుత్వాల వంతు రెండు పనులు. సెలవుల జాబితాను ఆగస్టు నాటికి ప్రకటించడం మొదటిది. ముద్రణను తాకే నిషేధాలు, పన్ను మార్పులు ఏప్రిల్ ఒకటి నుంచి అమలయ్యేలా, కనీసం ఆరు నెలల గడువుతో తేవడం రెండోది. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. యాత్రికులకు దారి చూపే పటాలు, ఘాట్ల వివరాలు, సూచన పత్రాలు లక్షల్లో కావాలి. ఆ పని చివరి నెలలో ఒక పెద్ద కాంట్రాక్టుగా దూరపు నగరానికి పోతుందా, ఏడాది ముందే ముక్కలుగా విడదీసి రాజమహేంద్రవరం, భద్రాచలం, కొవ్వూరు ప్రెస్సులకూ దక్కుతుందా అన్నది టెండరు ఎప్పుడు పిలుస్తారన్న దాని మీదే ఆధారపడి ఉంది. పుష్కరం తేదీ పన్నెండేళ్లుగా తెలుసు కనుక టెండరు ఆలస్యమైతే దానికి సాకు ఉండదు.